మంచి నర్సునట

మొన్న జ్వరం తగ్గక, ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో మా ఆఫీసుకు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్లాను. బీపీ చూసిన నర్సు జేబులోంచి తెల్లటి టేపు చుట్ట తీసి, ఒక ముక్క చింపి, తన ప్యాంటు మీద తొడకు అంటించుకుని, నా అంకెలు దాని మీద రాసుకుంది. ఆ తర్వాత ఏదో అడిగింది. నాకు వినిపించలేదు. నేను ఆ టేపునే చూస్తున్నాను.

అంతకుముందు నోవై అనే ఊళ్లో మాస్టర్స్ చదివే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి ఆంటీ అచ్చం అలాగే రాసుకునేవారు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ తొడ మీద ఒకటో రెండో టేపు ముక్కలు ఉండేవి. వాటి మీద రోగుల సంగతులూ ఇంటి సంగతులూ కలిసిపోయి ఉండేవి. ఇంటికి రాగానే వాటిని పీకి ఫ్రిజ్‌కి అంటించేవారు. ఒకసారి అంకుల్ ఫ్రిజ్ ముందు నిలబడి, "కొత్తిమీర, పెరుగు, పొటాషియం, టైర్లు..." అని పైకి చదివి, "పొటాషియం ఇండియన్ స్టోర్లో దొరుకుద్దంటావే?" అని అడిగారు. "నా పేషెంట్‌ది అది. మీకెందుకు? మీరు టైర్ల సంగతి చూడండి" అన్నారు ఆంటీ.

ఆవిడది గుంటూరు వైపు. అక్కడే ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివి, గల్ఫ్‌లో కొన్నేళ్లు చేసి, అమెరికా వచ్చారు. నేను చూసేనాటికే ఆవిడ సర్వీసు నా వయసు కంటే ఎక్కువ. నేను సూట్‌కేసులతో ఆ ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు, లోపలికి రమ్మనడానికి ముందే నా చెయ్యి పట్టుకుని, మణికట్టు తిప్పి, వెలుగులోకి పెట్టి చూశారు.

"ఎంత మంచి నరాలమ్మా నీవి! కళ్లు మూసుకుని సూది పెట్టేయొచ్చు" అన్నారు.

కొత్తవాళ్లు పలకరిస్తేనే నాకు మాట రాదు. అలాంటిది నా నరాలను మెచ్చుకుంటే ఏమనాలో అసలు తెలియలేదు. "థ్యాంక్యూ ఆంటీ" అన్నాను. తర్వాత చూశాను, ఎవరు కనబడినా ఆవిడ చూపు ముందు మొహం మీద కాక ముంజేతుల మీద పడేది. పెళ్లికొడుకుని చూపిస్తే కూడా, "అబ్బాయి బావున్నాడు, నరాలే కొంచెం లోతు" అనేవారట. ఇది అంకుల్ చెప్పిన మాట. నిజమో కాదో తెలియదు.

అన్నం నిలబడే తినేవారు. కూర్చుని తినమంటే, "కూర్చుంటే బెల్ మోగుతుంది" అనేవారు. ఇంట్లో ఏ బెల్లూ లేదు. ఆవిడ డ్యూటీకి బయల్దేరేటప్పుడు 'ఈ రోజు పని తక్కువ ఉంటుందేమో' లాంటి మాట అనకూడదు. తెలియక ఒకసారి, "ఇయ్యాల ఆదివారం కదా ఆంటీ, ప్రశాంతంగ ఉంటది" అన్నాను. చెప్పులు వేసుకుంటున్న మనిషి వాటిని విప్పేసి, లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, కాసేపు కుర్చీలో కూర్చుని మళ్లీ బయల్దేరారు. మర్నాడు పొద్దున వచ్చి, "నీ నోటి చలవ, ముగ్గురు కొత్త అడ్మిషన్లు" అన్నారు. తిట్టినట్టు లేదు. రిపోర్ట్ ఇచ్చినట్టు ఉంది.

వీటన్నిటికంటే నన్ను వదలకుండా పట్టుకున్నది ఆవిడ లేచి నిలబడటం.

ఆ ఇంటికి వెళ్లిన కొత్తలో ఒక తెలుగువాళ్లింట్లో పూజకి నన్నూ తీసుకెళ్లారు. అందరం ప్లేట్లు పట్టుకుని బేస్‌మెంట్‌లో కూర్చుని తింటున్నాం. మెట్లు దిగుతూ ఒకాయన వచ్చాడు. ఆంటీ పనిచేసే ఆస్పత్రిలో గుండె డాక్టరట. నలభై కూడా ఉండవు. పులిహోర ప్లేటుతో సహా ఆంటీ లేచి నిలబడ్డారు. మిగతా వాళ్లెవరూ కదల్లేదు. ఆయన ఇబ్బంది పడి, "కూర్చోండి మేడం, ప్లీజ్" అన్నాడు. ఆయన కూర్చున్నాకే ఆవిడ కూర్చున్నారు.

కారులో ధైర్యం చేసి అడిగాను. ఆంటీ నవ్వారు.

"మా నర్సింగ్ స్కూల్లో అదే ఫస్ట్ పాఠమమ్మా. డాక్టర్ వార్డులోకొస్తే లేవాలి. చార్ట్ రాస్తున్నా సరే, పేషెంటుకి గంజి పడుతున్నా సరే. లేవకపోతే మేట్రనమ్మ సాయంత్రం దాకా గోడ పక్కన నిలబెట్టేది. ఇక్కడికొచ్చాక ఎవరూ లేవరని చూశా. నాకూ తెలుసు. కానీ మోకాళ్లకి తెలీదు కదా!"

ఆవిడ గొప్పగా చెప్పుకునే విద్య ఇంకొకటి ఉండేది. డాక్టర్‌కి ఏం చేయాలో తాను చెప్పకుండా, ఆయన చేతే చెప్పించడం. ఫోన్ చేసి, "పొటాషియం తక్కువుంది డాక్టర్. మీరేమైనా ఇద్దామంటారా? నోటి ద్వారా ఇద్దామంటారా?" అని అడగాలి. ఆయన 'నోటి ద్వారా ఇవ్వు' అంటాడు. తన బుర్రలోంచే వచ్చిందనుకుంటాడు. "ఇచ్చేది మనమే, ఆలోచన మనదే. కానీ ఆయన నోట్లోంచి రావాలి. అదీ నర్సింగ్ అంటే" అనేవారు. ఇంట్లోనూ అంతే. "కిటికీలు మార్పించాలని మీరంటున్నారు కదా?" అని అంకుల్‌ని అడిగేవారు. ఆయన ఎప్పుడూ అని ఉండరు. రెండు వారాల్లో కిటికీలు మారేవి.

అలాంటి మనిషి యాభై దాటాక మళ్లీ పుస్తకాలు పట్టారు. నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు. అంటే రోగిని తానే చూసి, జబ్బేమిటో తేల్చి, మందు తానే రాసే నర్సు. డ్యూటీలు చేస్తూనే చదివి పాసయ్యారు. లైసెన్స్ వచ్చింది. వార్డులో మనుషుల్ని ఎత్తీ తిప్పీ ఆవిడ నడుము అప్పటికే అరిగిపోయింది. ఆ పని ఇంకెన్నాళ్లో చేయలేనని ఆవిడకు తెలుసు. నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే, ఆంటీకి మొదటి ప్రాక్టీషనర్ ఉద్యోగం.

అది రావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు కావాలంటారు. ముప్పై ఏళ్లుంది కదా అంటే, అది నర్సుగా అంటారు. కొత్తవాళ్లను తీసుకుని నేర్పించే చోట్లు కొన్ని ఉన్నాయి. చదువు పూర్తయి ఏడాది దాటితే అక్కడా తీసుకోరు. చదివింది మర్చిపోయి ఉంటారని వాళ్ల అనుమానం. ఆంటీ మే నెలలో పాసయ్యారు. నేను చెబుతున్నది ఆ తర్వాతి జనవరి సంగతి.

తన ఆస్పత్రిలోనే ఒక ఖాళీ వస్తే ఆంటీ అప్లై చేశారు. అది వేరే అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి కొత్తగా చేరినప్పుడు సెలైన్ పెట్టడం నేర్పింది ఆంటీయే. మొదటిరోజు ఆమె ప్రాక్టీషనర్ కోటు వేసుకుని వార్డులోకి వచ్చింది.

"ఏం చేశారు ఆంటీ?" అన్నాను.

"ఏం చేస్తాను? లేచి నిలబడ్డా." మళ్లీ ఆవిడే, "పాపం ఏడ్చేసిందమ్మా ఆ పిల్ల. 'ప్లీజ్, మీరు నాకు లేవకండి' అని. నేనే ఓదార్చాల్సి వచ్చింది" అన్నారు.

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన ప్రతిసారీ కోటు విప్పుతూ ఒకటే మాట అనేవారు. "మంచి నర్సునట."

మొదటిసారి నాకు అర్థం కాలేదు. మంచి మాటే కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఆవిడ సర్వీసంతా విని, చెయ్యి కలిపి, 'మీరు నిజంగా చాలా మంచి నర్సు' అన్నారంటే ఇక ఆ ఉద్యోగం రానట్టే. అంకుల్‌కి కూడా ఆ మాట అలవాటైపోయింది. గరాజ్ తలుపు చప్పుడు కాగానే టీవీ కట్టేసి, "ఏంటీ, ఇవాళ కూడా మంచిదానివేనా?" అనేవారు. ఆంటీ జవాబు చెప్పకుండా లోపలికి వెళ్తే, ఆయన లేచి టీ పెట్టేవారు.

జనవరి చివర్లో ఒక సాయంత్రం ఆంటీ బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి నన్ను పిలిచారు. నేను కింద నా గదిలో మంచం మీద ఏదో నవల చదువుకుంటున్నాను.

"ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేయాలి. నువ్వు నన్ను ప్రశ్నలడగాలి."

"నేనా? అంకుల్ అడుగుతరు కదా ఆంటీ."

"ఆయన నవ్విస్తాడు. నువ్వైతే ఏం మాట్లాడవు, మొహం అలా పెట్టుకుని చూస్తావు. వాళ్లూ సరిగ్గా అలాగే చూస్తారు."

నా మౌనం ఒక మనిషికి ఉపయోగపడుతుందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. వంటగదిలో నేను కుర్చీలో కూర్చున్నాను. ఆంటీ స్టీలు గిన్నెలో పప్పన్నం కలుపుకుని స్టవ్ పక్కన నిలబడ్డారు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉండేవి. జవాబులు ఇంగ్లీషులో మొదలై, కంగారు పుట్టిన చోట తెలుగులోకి వచ్చేసేవి.

"ఒక పెద్దాయన క్లినిక్‌కి వచ్చి ఛాతీలో నొప్పి అంటున్నాడు. మీరేం చేస్తారు?"

"ముందు పడుకోబెట్టి ఈసీజీ తీయిస్తా. ఆస్పిరిన్ నమలమంటా. అంబులెన్స్‌కి ఫోన్ చేయిస్తా. బీపీ, పల్స్ చూస్తూనే ఉంటా." గొంతు గట్టిగా, తడుముకోకుండా వస్తోంది. "వెంటనే ప్రొవైడర్‌కి ఇన్ఫార్మ్ చేస్తా."

ప్రొవైడర్ అంటే వైద్యం ఏమిటో నిర్ణయించే మనిషి. అన్ని నెలలు ఆ ఇంట్లో ఉన్నాక నాకూ ఆ మాట తెలుసు. తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి. వెళ్లలేకపోయాను. పెద్దవాళ్లను సరిదిద్దడం నాకు చేతకాదు.

"ఆంటీ... ప్రొవైడర్ అంటే ఇప్పుడు మీరే కదా?"

నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. నాకేసి చూశారు. నిజంగా తెలియని సంగతి విన్నట్టు చూశారు.

"మళ్లీ అడుగు" అన్నారు.

మళ్లీ అడిగాను. మళ్లీ అదే వరస, చివర్లో మళ్లీ అదే మాట. మూడోసారి ఆ మాట రాకుండా పెదాలు బిగబట్టారు. కానీ తర్వాత ఏం చెప్పాలో తెలియక నన్నే చూస్తున్నారు, నేనేదో ఆర్డర్ ఇస్తానన్నట్టు.

"ఈ కేసులో డాక్టర్ ఎక్కడున్నడు ఆంటీ?" అన్నాను.

"ఫోన్‌లో ఉంటాడమ్మా" అన్నారు. "ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు."

గిన్నె సింక్‌లో పెట్టి, నీళ్లు వదిలి, చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఇంటర్వ్యూల్లో అందరూ 'మంచి నర్సు' అని ఎందుకు పంపించేశారో ఆ వేళ ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇన్నేళ్లూ ఆవిడను కాపాడిన విద్యే ఇప్పుడు అడ్డం నిలబడింది. ఆ రోజు డైరీలో నేను ఇంకేమీ రాయలేదు. 'ఆంటీ సింక్ దగ్గర నిలబడ్డారు' అని మాత్రం ఉంది.

ఫిబ్రవరిలో ఉత్తరాన మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న చిన్న ఊరి క్లినిక్ నుంచి పిలుపొచ్చింది. ఒకే ఒక డాక్టర్. పెద్దాయన. పని తగ్గించుకోవాలని చూస్తున్నాడట. అంత దూరం, అలాంటి ఊరు ఎవరికీ వద్దు. అందుకే తనను పిలిచారని ఆంటీకి తెలుసు. ఇది కూడా పోతే ఇక వేరే పిలుపులేవీ లేవని కూడా తెలుసు.

ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి డ్యూటీ మార్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అంకుల్‌కి ప్లాంట్‌లో మార్నింగ్ షిఫ్ట్. రాత్రంతా నిలబడిన మనిషి పొద్దున్నే అంత దూరం డ్రైవ్ చేయకూడదు. ఆంటీ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నారు.

"స్నోలో డ్రైవింగ్ నేర్చుకోవాలని నువ్వంటున్నావు కదమ్మా?"

నేను ఎప్పుడూ అనలేదు. లైసెన్స్ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఫ్రీవే ఎక్కాలంటేనే భయం. "అవును ఆంటీ" అన్నాను.

ఆస్పత్రి బాత్రూంలోనే బట్టలు మార్చుకుని వచ్చి కారెక్కారు. బూడిదరంగు కోటు, తడిపి దువ్విన జుట్టు. కళ్ల కింద నల్లగా ఉంది. ఎక్కగానే మందుల డోసులు పైకి వల్లించడం మొదలుపెట్టారు. మధ్యలో ఆపి, "నన్ను నిద్రపోనివ్వకు" అనేవారు. నిద్రపోవడానికి ఆవిడకు వీలే లేదు. నేను స్టీరింగ్ పట్టుకున్న తీరు చూస్తే ఎవరికీ నిద్ర రాదు. మంచు సన్నగా, ఆగకుండా పడుతోంది. ట్రక్కులు పక్కనుంచి పోయినప్పుడల్లా అద్దం మీద బురద మంచు కొట్టి, ఒక్క క్షణం ఏమీ కనిపించేది కాదు.

ఫ్రీవే దిగే వంపులో కారు జారింది. ముందు చక్రాలు ఒకవైపు, నేను తిప్పుతున్నది ఒకవైపు. రోడ్డు పక్కనున్న ఇనప కంచె మా వైపే వస్తోంది.

"ఏం చేయాలి ఆంటీ!" అని అరిచాను.

"బ్రేక్ మీంచి కాలు తీయ్! తీసెయ్! కారు ఎటు జారుతోందో అటే తిప్పు. ఇంకొంచెం. చాలు. అలాగే పట్టుకో."

తీశాను, తిప్పాను, పట్టుకున్నాను. కారు ఒకసారి ఊగి, దారిలోకి వచ్చి నిలబడింది. పక్కన ఒక పెట్రోల్ బంకులోకి తీసుకెళ్లి ఆపాను. ఇంజన్ కట్టేసి, రోడ్డు వైపే చూస్తూ అన్నాను.

"ఇప్పుడు మీరు నన్ను అడగలేదు ఆంటీ. చెప్పిండ్రు."

ఆవిడ కోటు జేబులోంచి రుమాలు తీశారు.

"లోపల గూడ అట్లనే చెప్పుండ్రి."

"లోపల మంచు ఉండదు కదమ్మా" అన్నారు, కిటికీ అద్దం తుడుస్తూ.

అదొక పాత ఇంట్లో పెట్టిన క్లినిక్. వెయిటింగ్ రూంలో నాలుగు కుర్చీలు. నేను కోటు విప్పకుండా కూర్చున్నాను. ఆంటీని ఎదురుగదిలో కూర్చోబెట్టి, తలుపు సగం తెరిచి ఉంచారు. నాకు ఆవిడ కుర్చీ వెనకభాగం, రెండు చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. నడవాలో బరువైన బూట్ల చప్పుడయింది. డాక్టర్ వస్తున్నాడు. పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు, మెడలో స్టెతస్కోపు ఉంది. ఆయన గడప దాటుతుంటే ఆంటీ రెండు చేతులూ కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. భుజాలు కొంచెం పైకి లేచాయి. భుజాలు మళ్లీ కిందకి దిగాయి. ఆవిడ కూర్చునే ఉన్నారు. కూర్చునే చెయ్యి చాచారు. తలుపు మూసుకుంది.

ఎంతసేపైందో తెలియదు. టేబుల్ మీదున్న ట్రాక్టర్ల మ్యాగజైన్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాను. ఒక్క ముక్కా గుర్తులేదు. ఆంటీ బయటికొచ్చి, నా ముందు నడిచి కారెక్కారు. సీటు బెల్టు పెట్టుకుంటుంటే ఎలా జరిగిందని అడగలేదు. ఆ మాటే వస్తుందని భయం.

"ఆ మాట అనలేదు" అన్నారు ఆంటీయే.

"మరి?"

"ఒక కేసు ఇచ్చాడు. డెబ్బై దాటిన ఆవిడ, లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటోంది. పోయిన వారమే బీపీ మాత్ర డోసు పెంచారు. మీరేం చేస్తారని. ఎవరు పెంచారు అనడిగా. 'నేనే' అన్నాడు."

"అయ్యో!"

"నోటి దాకా వచ్చిందమ్మా. 'మీరు తగ్గిద్దామంటారా డాక్టర్' అని. నాలుక చివర్న ఉంది. మింగేశా. పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి బీపీ చూస్తానన్నా. పడిపోతోందంటే పెంచిన డోసు తగ్గించేస్తా, తర్వాత మీకు ఫోన్ చేసి చెప్తా అన్నా."

"ఏమన్నరు?"

"గడ్డం గోక్కున్నాడు. 'ముందు ఫోన్ చేయరా?' అన్నాడు. 'మీరు ఫోన్ ఎత్తేలోపు ఆవిడ బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంటుంది' అన్నా."

నాకు నవ్వొచ్చింది. ఆంటీకి రాలేదు.

"ఎక్కువ మాట్లాడానా? ఆయన రాసిన మందు నేను మార్చేస్తానన్నా కదా. పొగరనుకుంటాడేమో. 'చూస్తాం, చెప్తాం' అన్నాడంతే. మొహంలో ఏమీ లేదు. నీ మొహంలాగే."

దారంతా అదే. చెప్పింది సరైనదేనని ఒకసారి, అలా చెప్పకుండా ఉండాల్సిందని ఒకసారి. ఇల్లు చేరేసరికి, తనకు ఆ ఉద్యోగం రాదని పూర్తిగా తేల్చేసుకున్నారు.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో ఫోన్ మోగితే ముగ్గురం ఉలిక్కిపడేవాళ్లం. తెలియని నంబరైతే ఆంటీ ఎత్తేవారు కాదు. "నువ్వెత్తు" అని నాకిచ్చేవారు. ఫోన్లో మాట్లాడటమంటే నాకు అంతకంటే భయం. ఇద్దరం ఒకరి చేతిలోంచి ఒకరికి మార్చుకుంటూ ఉంటే అది మోగి మోగి ఆగిపోయేది. "ఇలాగైతే ఉద్యోగం వచ్చినా మీకు తెలీదు" అన్నారు అంకుల్. చివరికి ఆ ఫోన్ వచ్చినప్పుడు ఎత్తింది ఆయనే. వింటూ, తల ఊపుతూ, ఏమీ చెప్పకుండా ఆంటీకి ఇచ్చారు. ఆవిడ "ఎస్... ఎస్..." అంటూ గోడకు ఆనుకున్నారు.

"ఏమైందే? మంచిదానివేనా?" అన్నారు అంకుల్. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"సోమవారం నుంచి రమ్మంటున్నారు" అన్నారు ఆంటీ. "కొన్నాళ్లు ఆయన పక్కన ఉంటాడట. తర్వాత మంగళవారాలు ఆయన రాడు. క్లినిక్ నేనే చూసుకోవాలట." తర్వాత తనకు తానే చెప్పుకున్నట్టు, "ఒక్కదాన్నే" అన్నారు.

ఆ వేసవిలో నాకు ప్లేనోలో ఉద్యోగం వచ్చి వచ్చేశాను. ఆవిడకు మొదటి ఒంటరి మంగళవారం వచ్చేసరికి నేను ఇక్కడ ఉన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ మోగింది. ఆఫీసు మెట్ల మీదికి వెళ్లి ఎత్తాను.

"కారులో కూర్చున్నానమ్మా, పార్కింగ్ లాట్‌లో" అన్నారు ఆంటీ.

"ఏమైంది ఆంటీ?"

"పొలం మనిషొకాయన వచ్చాడు. దగ్గు. యాంటీబయాటిక్ రాసిమ్మంటాడు. మా పెద్ద డాక్టర్ ఎప్పుడడిగినా రాసేవాడట. ఊపిరితిత్తులు విన్నా, క్లియర్‌గా ఉన్నాయి. జ్వరం లేదు. ఇది వైరస్, మందు అక్కర్లేదన్నా."

"ఊకున్నడా?"

"ఊరుకుంటాడా? 'డాక్టర్‌ని అడుగు' అన్నాడు."

మెట్ల మీద కూర్చుండిపోయాను. "అడిగిండ్రా?"

"అబద్ధమెందుకు, ఫోన్ తీశా. నంబరు కూడా వెతికా. ఆయన నా వేళ్ల వంకే చూస్తున్నాడు. మళ్లీ జేబులో పెట్టేశా. 'మిమ్మల్ని చూసింది నేను, చెప్తున్నదీ నేనే. శుక్రవారానికి తగ్గకపోతే నా దగ్గరికే రండి' అన్నా. తలుపు ధడాల్న వేసుకుని పోయాడు."

"మీరు చెప్పింది కరెక్టే కదా?"

"కరెక్టే అనుకుంటున్నా. ఊపిరితిత్తులు రెండుసార్లు విన్నా. మూడుసార్లు వినాల్సిందా? వెనకవైపు కింద సరిగ్గా విన్నానా? రాత్రుళ్లు ఫోన్ చేస్తే కసురుకుంటారని డాక్టర్లని ఇన్నేళ్లు ఎంత తిట్టుకున్నానో! ఇంత భయం పెట్టుకుని వీళ్లు ఎలా బతుకుతారమ్మా?"

అవతల ఎవరో కారు అద్దం తట్టిన చప్పుడయింది. ఇంకో పేషెంట్ వచ్చారట. ఉంటానని కూడా అనకుండా పెట్టేశారు.

శుక్రవారం సాయంత్రం దాకా ఎలాగో ఆగి, నేనే ఫోన్ చేశాను. నేను ఒకరికి నా అంతట నేను ఫోన్ చేయడం చాలా అరుదు.

"వచ్చిండా ఆంటీ ఆయన?"

"రాలేదు. తగ్గి రాలేదో, నా మీద కోపమొచ్చి వేరే దగ్గరికి పోయాడో. రేపూ ఎల్లుండీ క్లినిక్ లేదు. సోమవారం నేనే ఫోన్ చేసి కనుక్కుంటా." అవతల కారు తలుపు వేసిన చప్పుడయింది. "వార్డులో అయితే డ్యూటీ అయిపోగానే తర్వాత వచ్చినావిడకి అంతా అప్పజెప్పి వచ్చేసేదాన్ని. ఇక్కడ ఎవరికని అప్పజెప్పను? ఏమైందో తెలీకుండానే ఇంటికెళ్లి అన్నం తినడం నేర్చుకోవాలమ్మా ఇక."